సైడక్‌ది మొద్దుతనం కాదు, తలనొప్పి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పిల్లల పేజీలో వారానికొక పోకెమాన్‌ను, అంటే ఆ పేరుతో ఉన్న వీడియో ఆటల్లోని ఊహాజీవిని, పరిచయం చేస్తున్నారు. మా అమ్మాయితో పాటు నేనూ చదువుతున్నాను. కిందటి వారం సైడక్ వంతు వచ్చింది. బొమ్మ చక్కగా ఉంది. దాని కింద రాసిందే నాకు మింగుడుపడలేదు. 'ఏమీ తెలియని మొద్దు బాతు' అన్నారు, 'సైకిక్ రకం', అంటే మనోశక్తితో పోరాడే రకం, అన్నారు. రెండోది పొరపాటు. మొదటిది అన్యాయం.

పసుపు రంగు ఒళ్లు, నెత్తిన మూడు నల్లటి వెంట్రుకలు, రెండు చేతులతో తల పట్టుకొని శూన్యంలోకి చూసే కళ్లు. చూడగానే పిల్లలకు నవ్వొస్తుంది, కాదనను. కానీ ఆ తల పట్టుకోవడం నొప్పితో. పోకెడెక్స్‌లో, అంటే ఆటలోనే ఉండే జీవుల వివరాల పట్టికలో, ఒక తరం ఆటల తర్వాత మరో తరం ఆటల్లో ఇదే మాట వస్తుంది: సైడక్‌కు ఎప్పుడూ తలనొప్పే. అది బాగా ముదిరినప్పుడు దానిలోంచి వింత శక్తులు బయటపడతాయి. ఆ సమయంలో అది గాఢనిద్ర లాంటి స్థితిలోకి వెళ్లిపోతుంది కాబట్టి, తర్వాత తానేం చేసిందో దానికి గుర్తుండదు. ఏం జరిగిందో తెలియక తల పక్కకు వంచి చూస్తుంది. మీరు మొద్దుతనం అనుకున్న చూపు అదే. ఇంకా వెనక్కి వెళ్తే, 1998లో అమెరికాలో వచ్చిన రెడ్, బ్లూ ఆటల పోకెడెక్స్ దీన్ని జిత్తులమారి అంది, ఆ శూన్యపు చూపుతో శత్రువును ఏమరుపాటులో పడేస్తుందని చెప్పింది. ఎటు చూసినా మొద్దు అన్న మాటకు ఆధారం లేదు.

నేనింతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. ఇంటర్ చదివే రోజుల నుంచీ నాకు పార్శ్వపు నొప్పి. మొదలైందంటే ఎదుటివాళ్ల మాట చెవిన పడుతుంది, జవాబు మాత్రం నోటిదాకా రాదు. లైటు వంక చూడలేను. గతంలో పనిచేసిన ఒక చోట నాకు 'నిద్రమొహం' అని పేరు పెట్టారు. దెబ్బ తగిలితే కట్టు కనిపిస్తుంది, జ్వరమైతే ఒళ్లు కాలుతుంది. తలనొప్పికి చూపించడానికి ఏముంటుంది, మొహం తప్ప? ఆ మొహాన్ని చూసి పిల్లలు 'మొద్దు' అనడం మీ పేజీలో నేర్చుకుంటే రేపు క్లాసులో పక్క పిల్లను కూడా అదే మాట అంటారు.

సైడక్ పక్కన నిలబడాల్సింది ఎలాగో ఆ ఆటే ఒక చోట చూపించింది. 2006లో జపాన్‌లో విడుదలైన డైమండ్, పెర్ల్ ఆటల్లో సొలేషియన్ టౌన్‌కు ఉత్తరాన రూట్ 210 అని ఒక దారి ఉంది. మధ్యలో సైడక్‌ల గుంపు అడ్డంగా నిలబడి ఉంటుంది, అన్నీ తలలు పట్టుకొనే. ఆ సిరీస్‌లో దారికి అడ్డొచ్చిన దేన్నైనా సాధారణంగా పోరాడి తప్పిస్తాం. ఇక్కడ పోరాటం మొదలే కాదు. మీ దగ్గర ఎంత బలమైన జట్టు ఉన్నా పనికిరాదు. చాలా దూరం తిరిగాక, వేలర్ లేక్‌ఫ్రంట్ దగ్గర సింథియా అనే ఆమె కలిసి సీక్రెట్ పోషన్ అనే మందు చేతికిస్తుంది. దాన్ని తీసుకొని మళ్లీ అంత దూరం వెనక్కి రావాలి. మందు పడ్డాక అవి వాటంతటవే దారి వదులుతాయి. తర్వాతి ఊరికి వెళ్లే తోవ నొప్పి తగ్గాకే తెరుచుకుంటుంది. మా అమ్మాయి అక్కడ చాలాసేపు విసుక్కుంది, 'వీటిని కొట్టనివ్వరేంటి' అని. మందు దొరికాక మాత్రం పరుగున వచ్చి ఇచ్చింది. పరిచయంలో రాయాల్సింది ఈ సంగతి కాదా?

దీనికి ఉండే గుణాల్లో డ్యాంప్ అని ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది. ఆ గుణమున్న సైడక్ బరిలో ఉన్నంతసేపు ఎవరూ సెల్ఫ్ డిస్ట్రక్ట్, ఎక్స్‌ప్లోజన్ వంటి, తామే పేలిపోయి ఎదుటివాళ్లను దెబ్బతీసే ఎత్తులు వాడలేరు, అటువాళ్లయినా ఇటువాళ్లయినా. తన తల పగిలిపోతున్నా చుట్టూ ఎవరినీ పేలిపోనివ్వదు. ఆట రూపొందించినవాళ్ల మనసులో ఏముందో గానీ, నేను మాత్రం అలాగే చదువుకుంటాను.

టీవీ కార్టూన్‌లో మిస్టీ అనే అమ్మాయి దగ్గరున్న సైడక్ గురించి కూడా ఒక మాట. దాన్ని ఆమె కోరి పట్టుకోలేదు. ఆమె జారవిడిచిన, పోకెమాన్‌లను పట్టి ఉంచే బంతిలోకి అదే నడిచి వెళ్లింది. నీటి జీవి అయ్యుండీ దానికి ఈత రాదు, ఎప్పుడూ తిట్లే. కోగా అనే అతని జిమ్‌లో, అంటే పోకెమాన్ పోటీలు జరిగే చోట, తలనొప్పి తీవ్రమైనప్పుడు దాని శక్తి ఏమిటో అందరికీ తెలిసింది. అంత జరిగినా ఆమె విసుగు పూర్తిగా పోదు. ఆ భాగాలు చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. 2019లో వచ్చిన డిటెక్టివ్ పికాచు సినిమా ఈ విషయంలో నయం. అందులో లూసీ అనే అమ్మాయి తన సైడక్‌కు టెన్షన్ పెరగకుండా కనిపెట్టుకొని ఉంటుంది.

ఇక రకం సంగతి. సైడక్‌కు సైకిక్ ఎత్తులు వస్తాయి గానీ అది పూర్తిగా నీటి రకం. లెవెల్ 33లో గోల్‌డక్ అనే తర్వాతి రూపంలోకి మారాక కూడా నీటి రకమే. నీటి రకానికి ఎలక్ట్రిక్ దెబ్బ ఎక్కువ తగులుతుంది. మీ పేజీ నమ్ముకొని పిల్లలు దాన్ని ఎలక్ట్రిక్ రకం ముందుకు పంపితే వెంటనే ఓడిపోతారు.

పొరపాటు ఎక్కడ జరిగిందో నాకు అర్థమైందనుకుంటున్నాను. నీరు, సైకిక్ రెండూ కలిసిన రకం స్లోపోక్ అనే మరో పోకెమాన్‌ది. మందకొడిదనీ, దెబ్బ తగిలిన 5 సెకన్లకు గానీ నొప్పి తెలియదనీ పోకెడెక్స్ చెప్పేదీ దాని గురించే. ఆ వివరాలు ఈ బొమ్మ కిందికి వచ్చి చేరి ఉంటాయి. నొప్పి ఆలస్యంగా తెలిసే జీవి గురించిన మాటలు, నొప్పి క్షణం కూడా వదలని జీవికి అంటగట్టినట్టయింది. దయచేసి వచ్చే ఆదివారమే సవరణ వేయండి. రకం ఒక్కటి సరిచేసి ఊరుకోకుండా, తలనొప్పి సంగతి కూడా రెండు వాక్యాల్లో రాయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు