పింఛను సరే, వీల్‌చైర్ పట్టే ఇల్లు ఎక్కడ?

సంపాదకుల వారికి నమస్కారం.

టు-లెట్ బోర్డు కనిపిస్తే ఎవరైనా ముందు అద్దె ఎంతని అడుగుతారు. నేను మాత్రం గేటు లోపల ఎన్ని మెట్లున్నాయో చూసి, ఓనర్‌ని బతిమాలి బాత్రూం తలుపు టేపుతో కొలుచుకుంటాను. మా ఆయన మేస్త్రీ పని చేస్తూ పరంజా మీద నుంచి పడి వెన్నుపూస దెబ్బతింది, అప్పటినుంచి వీల్‌చైర్‌లోనే ఉంటున్నారు. నలుగురికి ఇళ్లు కట్టిన మనిషికి ఇప్పుడు తాను పట్టే ఇల్లు దొరకడం లేదు.

హైదరాబాద్‌లో ఈమధ్య కట్టిన ఇళ్లల్లో కింద చాలావరకు పార్కింగే, మనుషులుండేది పైన. లిఫ్ట్ ఉన్నచోట అద్దె మా వల్ల కాదు. పాత ఇంట్లో కింది పోర్షన్ దొరికిందనుకుంటే మూడు మెట్లుంటాయి. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి, అంటే ఆ మూడు మెట్ల అడుగున్నర ఎత్తుకి పద్దెనిమిది అడుగులు, అది గేటు దాటి రోడ్డు మీదకొస్తుంది! పోనీ ఇద్దరు పట్టుకుని ఎక్కిస్తాంలే అనుకున్నా బాత్రూం తలుపు మరీ ఇరుకు, చక్రాల కుర్చీ లోపలికి పోదు. ఒక ఓనర్ అయితే అన్నీ ఒప్పుకుని, మా ఆయన్ని చూశాక "మా అమ్మాయి వస్తోందమ్మా, ఇల్లు కావాలి" అన్నారు. ఆ బోర్డు నెలరోజులు అక్కడే వేలాడింది.

2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ గృహ పథకాల్లో మాకు 5 శాతం కేటాయించాలి. మంచిదే. కానీ ఇందిరమ్మ ఇళ్లల్లో 5 లక్షల సాయం మొదటి విడతలో సొంత జాగా ఉన్నవాళ్లకే అన్నారు, మాకు జాగా ఉంటే ఈ తిప్పలెందుకు? ప్రభుత్వం ఇచ్చే డబుల్ బెడ్రూం ఇళ్లేమో కొల్లూరు లాంటి దూరాల్లో కట్టారు. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి అక్కణ్నుంచి ఆటోలో సిటీలోకి రావాలంటే ఆ ఖర్చు ఇంటద్దెను మించుతుంది.

ఆసరా పింఛను కింద ఆయనకు నెలకు వచ్చేది 4,016 రూపాయలు. మేముండే రెండు గదులకు అద్దె 8,500. పింఛను పెంచమని అందరూ అడుగుతున్నారు, నేనూ అడుగుతాను, కానీ పెంచినదంతా అద్దెకే పోతే మందులకేం మిగులుతుంది? అద్దె ఇంట్లో ఉండే వికలాంగులకు పింఛనుతో కలపకుండా విడిగా అద్దె సాయం ఇవ్వాలి. ర్యాంపుకి, తలుపు వెడల్పు చేయించడానికి, గోడకు పట్టుకునే రాడ్లు పెట్టించడానికి ఒక్కసారి కొంత మొత్తం ఇస్తే ఓనర్లు కూడా అంతగా కాదనరు, వాళ్ల ఇల్లే కదా బాగయ్యేది. ఖాళీ చేసేటప్పుడు తలుపు మేమేం పట్టుకుపోం.

వచ్చే నెలాఖరుకి ఈ ఇల్లు ఖాళీ చేయాలి. టేపు మళ్లీ బ్యాగులో పెట్టుకున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, సికింద్రాబాద్