వలసకీ వలకీ చుట్టరికం ఎక్కడిది?

సంపాదకుడు గారికి,

మొన్నటి ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం మాటల పుట్టుక గురించి మీ పత్రికలో వేసిన ముక్క సంగతి. ‘వలస’ అన్నది ‘వల’ నుంచి వచ్చిందట, జాలర్లు వల భుజాన వేసుకుని ఊళ్లు తిరిగేవారు కాబట్టి! మర్నాడైనా సవరణ వేస్తారని చూశాను. ఇంతవరకూ లేదు.

తమిళంలో వలసై, కన్నడంలో వలసె. మాటా అదే, అర్థమూ అదే. అంత దూరం వెళ్లక్కర్లేదు, బ్రౌన్ నిఘంటువు తిరగేస్తే సరిపోయేది. మన రాజమండ్రిలో కొలువు చేసిన దొరే. శత్రుసైన్యానికి జడిసి ఇల్లు విడిచి పారిపోవడం వలస అని ఆయన అర్థం రాశాడు. అందులో చేపల ఊసే లేదు.

మా పెద్దవాళ్లు బర్మా వెళ్లినవాళ్ల గురించి చెప్పేటప్పుడు ‘రంగం వెళ్ళాడు’ అనేవారు, అంతే. రంగం అంటే రంగూన్. అక్కడివాళ్లు మాత్రం మన కోరంగి రేవు పేరు తగిలించి తెలుగువాళ్లందరినీ ‘కొరంగీలు’ అన్నారు. 1930లో రంగూన్ రేవులో ఆ పేరుతోనే తన్నులు తిన్నారు పాపం.

ఇప్పుడు మీ వార్తల్లో అమెరికాలో ఉన్నవాడు ‘ప్రవాసాంధ్రుడు’. కువైట్‌లో ఇంటిపనికి కుదిరిన మా రాజోలు ఆడపడుచు ‘వలస కూలీ’. ఆయనకి శాలువా, ఆవిడకి ఏజెంటు చేతిలో మోసం. ఇక పార్టీ మారిన ఎమ్మెల్యేదీ వలసేనట! ఏ సైన్యానికి జడిశాడో మీరే చెప్పాలి.

బ్రౌన్ చెప్పిన వలస చూడాలంటే వరదల్లో గోదావరి లంకలకు రండి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు గ్యాసు బండ, బియ్యం బస్తా, కోళ్ల గంప పడవలోకెత్తుకుని జనం ఏటిగట్టెక్కారు. గేదెల్ని తాడు కట్టి ఈదించారు. కాగితాల్లో దానికి ‘తరలింపు’ అని పేరు, సామాను లారీకెత్తినట్టు. టార్పాలిన్లు ఎప్పుడిస్తారండీ అని అడిగితే, తరలింపు పూర్తయిందని నివేదిక పంపేశామన్నాడు ఒక అధికారి. ఆ రాత్రి వాన ఆగలేదు. పోలవరం ప్రాజెక్టు కింద ఊళ్లు పోగొట్టుకున్నవాళ్లకి ఇంకో మాట ఉంది, ‘నిర్వాసితులు’. మాటలకేం కరువు లేదు, ఇళ్లకే.

సవరణ ఈ ఆదివారమైనా వెయ్యండి. పదో తరగతి పిల్లలు మీ ముక్క కత్తిరించి నోటుపుస్తకంలో అంటించుకుంటున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
రాజోలు, కోనసీమ.