సీసా రాకెట్ గురించి శ్రీనుకి

ఒరేయ్ శ్రీనూ,

పిల్లలకి నీళ్ల రాకెట్ చేసిపెడతానన్నావుగా, ముందు సీసా దగ్గరే జాగ్రత్త పడు. మంచినీళ్ల సీసా వద్దు, మరీ పలచన. గ్యాసున్న కూల్‌డ్రింకు సీసా తీసుకో, రెండు లీటర్లది. అది ఒత్తిడికి ఓర్చుకునేలా చేసిందే.

నీళ్లు 600 మిల్లీలీటర్లు చాలు. ఎక్కువ పోస్తే ఎక్కువ ఎగురుతుందనుకుంటారు, కాదురా. బలమంతా బిగబట్టిన గాలిది, నీళ్లు వెనక్కి చిమ్మి తోయడానికే. నీళ్లు పెరిగేకొద్దీ గాలికి చోటు తగ్గి, సగం బరువు మోస్తూనే కూలబడుతుంది.

తారాజువ్వకి పుల్ల చేసే పనే దీనికి రెక్కలు చేస్తాయి. సన్‌ప్యాక్ షీటుతో (బోర్డులకి వాడే గట్టి ప్లాస్టిక్ అట్ట) నాలుగు కోసి మూతి వైపు టేపుతో బిగించు. వేడి గ్లూగన్ నేరుగా సీసాకి తగలనివ్వకు, ఆ చోటే పగులుతుంది. రెండో కొసన ఇంకో సీసా పైభాగం కోసి తొడిగి, లోపల 50 గ్రాముల బంకమట్టి పెట్టు. ఖాళీ రాకెట్ సమంగా తూగే చోట దారం కట్టి చుట్టూ తిప్పి చూడు. ముక్కు ముందుంటే సరే, తోక ముందుకొస్తే మట్టి పెంచు.

అసలు పనంతా లాంచర్‌దే, అంటే రాకెట్‌ని పట్టుకుని గాలి నింపి వదిలే స్టాండుది. అరంగుళం పీవీసీ పైపు బయటి కొలత 21.3 మిల్లీమీటర్లు, సీసా మూతిలో సరిగ్గా దూరుతుంది. కరెంటు వైర్లకి వాడే పీవీసీ గొట్టం కాదు, ప్లంబింగ్‌లో వేడినీళ్లకి వాడే సన్న సీపీవీసీ పైపు కూడా కాదు, కొనేటప్పుడు చూసుకో. మూతి ఆగేచోట ఆకురాయితో సన్న గాడి తీసి ఓ-రింగు (గాలి పోకుండా ఆపే రబ్బరు రింగు) కూర్చోబెట్టి గ్రీజు పూయి. పైపు చుట్టూ పది కేబుల్ టైలు (వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు) నిలబెట్టి, కింద హోస్ క్లిప్పుతో బిగించు. వాటి తలలు సీసా మెడ రింగుని పట్టుకోవాలి. ఆ తలలు జారకుండా పైన ఒకటిన్నర అంగుళాల పైపు ముక్క తొడుగు. దానికి కట్టిన తాడు కిందికి లాగితే తలలు విచ్చుకుంటాయి, రాకెట్ లేస్తుంది. ఒక్క టై పొట్టిగా ఉన్నా రాకెట్ పక్కకి ఒరుగుతుంది, అందుకే తలలన్నీ ఒకే ఎత్తుకి తెచ్చుకో.

పైపు కింది కొస నుంచి మందు కొట్టే స్ప్రేయరు గొట్టం ఐదు మీటర్లు పెట్టు. దాని చివర ఎండ్‌క్యాప్‌కి ట్యూబ్‌లెస్ టైరు వాల్వు. పీవీసీ సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) పెట్టిన అతుకులు ఒక రోజు ఆరాలి.

కొత్త సీసాని ముందు నిండా నీళ్లతో నింపి 70 పీఎస్ఐ (పంపు మీటరు మీద ఒత్తిడి కొలత) దాకా పరీక్షించు. నీళ్లు నొక్కుకుపోవు కాబట్టి పగిలినా పెద్ద ప్రమాదముండదు. ఎగరేసేటప్పుడు 50 దాటించకు, మీటరున్న ఫుట్ పంపే వాడు. సీసా మీద తెల్లటి గీతలు కనిపిస్తే పారెయ్.

తాడు లాగినా కదలకపోతే దగ్గరికి మాత్రం పోవద్దు. వాల్వు దగ్గరే పిన్ను నొక్కి గాలి వదిలెయ్, తర్వాతే చూడు.

లాంచర్ అయ్యాక ఫోటో పంపు, ఓ-రింగు ఎక్కడ కూర్చుందో చూసి చెబుతా.

నీ
రమణ