బోర్డు మార్చేముందు వైరింగ్ చూడండి

సంపాదకులకు,

కొత్త అపార్ట్‌మెంట్లలో ‘స్మార్ట్ హోమ్’ పేరుతో టచ్ బోర్డులు, ఫోన్‌తో నడిచే స్విచ్‌లు బిగించి ఇస్తున్నారు. కొన్నాళ్లకి తిప్పలు మొదలవుతాయి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపితే హాల్లో లైటు దానంతటదే వెలుగుతుంది. ఆపేసిన ఎల్‌ఈడీ బల్బు రాత్రంతా మినుకుతూనే ఉంటుంది. మోటారు వేస్తే బోర్డుకి వైఫై తెగిపోతుంది. మెకానిక్ వచ్చి బోర్డు పోయిందంటాడు, కొత్తది వేసినా అదే తంతు. ఇలాంటి కేసుల్లో లోపం చాలావరకు వైరింగ్‌లోనే ఉంటుంది.

ముందు గొడవ ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవాలి. మెయిన్ బోర్డులో స్మార్ట్ బోర్డున్న లైను ఎమ్‌సీబీ (ఆ లైనుకి కరెంటు ఆపే బ్రేకర్) ఒక్కటే ఉంచి మిగతావన్నీ దించండి. తర్వాత ఒక్కొక్కటే ఎక్కిస్తూ, ఆ లైనులో ఉన్నవాటిని వేసి ఆపుతూ చూడండి. బ్యాటరీ రేడియో ఉంటే మీడియం వేవ్‌లో స్టేషన్ లేనిచోట పెట్టి గోడ వెంట తిప్పండి. చెడ్డ ఎల్‌ఈడీ డ్రైవర్ (బల్బుకి కరెంటు మార్చి ఇచ్చే సర్క్యూట్), ఫ్యాన్ డిమ్మర్ దగ్గరికి రాగానే గరగర పెరుగుతుంది. పాత రేడియోని పారేయకండి, ఈ పనికి దాన్ని మించింది లేదు.

ఫ్యాన్, మోటారు, కాంటాక్టర్ (మోటారుని వేసి ఆపే పెద్ద స్విచ్) కాయిల్ లాంటివి ఆపిన క్షణంలో రిలే (బోర్డులో కరెంటుతో నడిచే స్విచ్) కొనల మధ్య నిప్పురవ్వ లేస్తుంది, లైనులో వందల వోల్టుల కుదుపు పుడుతుంది. బోర్డులోని చిప్ రీసెట్ అయ్యేది దానివల్లే. 0.1 మైక్రోఫారడ్, 275 వోల్టుల ఏసీ ఎక్స్2 (మెయిన్స్‌కి తట్టుకునే రకం) కెపాసిటర్‌కి 100 ఓమ్స్, 1 వాట్ రెసిస్టర్‌ని సిరీస్‌లో కలిపి, ఫ్యాన్ దగ్గరే ఫేజ్, న్యూట్రల్ మధ్య బిగిస్తే ఆ కుదుపు చాలావరకు అణుగుతుంది. మామూలు కెపాసిటర్ వాడకూడదు, మెయిన్స్ మీద కాలిపోవచ్చు. కొందరు దీన్ని రిలే కొనలకి అడ్డంగా వేస్తారు. అప్పుడు స్విచ్ ఆపినా దాని గుండా 7 మిల్లీఆంపియర్ల దాకా కారుతుంది, ఎల్‌ఈడీ లైటు వెలగడానికి అదే ఎక్కువ.

బల్బు మినుకుడుకి పెద్ద కారణం స్విచ్ బాక్సులో న్యూట్రల్ లేకపోవడం. న్యూట్రల్ అక్కర్లేని స్విచ్ తనకి కావలసిన కరెంటుని బల్బు గుండానే లాగుతుంది. 3, 5 వాట్ల బల్బులు ఆ కాస్తకే మెరుస్తాయి. కంపెనీ ఇచ్చే బైపాస్ కెపాసిటర్‌ని హోల్డర్ దగ్గర బల్బుకి సమాంతరంగా వేస్తే ఆగుతుంది. న్యూట్రల్ లేదని ఎర్త్ వైరుకి కలిపే ‘సర్దుబాటు’ మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి కారితే ఆపే బ్రేకర్) ఉంటే ఊరికే ట్రిప్ అవుతుండొచ్చు. అది లేని ఇంట్లో ఎర్త్ ఎక్కడైనా తెగితే ఫ్రిజ్, గీజర్ బాడీకే కరెంటు ఎక్కుతుంది.

ఆపేసిన వైరు మీద మల్టీమీటర్ 60, 80 వోల్టులు చూపగానే ‘రిటర్న్ వస్తోంది’ అని గోడలు పగలగొట్టే వాళ్లున్నారు. అక్కడ 60 వాట్ల ఫిలమెంట్ బల్బు టెస్ట్ ల్యాంప్ పెట్టి చూడండి. వోల్టేజ్ సున్నాకి పడిపోతే అది పక్క వైరు నుంచి వచ్చిన ఇండక్షన్ మాత్రమే.

ట్యాంకు నీటిమట్టం సెన్సర్ వైర్లని మోటారు కేబుల్‌తో ఒకే పైపులో లాగడం మన దగ్గర మామూలైపోయింది. ట్యాంకు నిండకుండానే మోటారు ఆగడం, అర్ధరాత్రి తిరగడం దాని ఫలితమే కావచ్చు. సెన్సర్‌కి మెలితిప్పిన జత వైరు వేరే పైపులో వేయాలి. మోటారు కేబుల్‌కి కనీసం అడుగు దూరం ఉంచాలి, దాటక తప్పనిచోట అడ్డంగా దాటించాలి. షీల్డ్ (వైరు చుట్టూ లోహపు తొడుగు) ఉన్న వైరైతే షీల్డ్‌ని కంట్రోలర్ వైపు ఒక్క కొనలోనే ఎర్త్ చేయాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద చవక స్మార్ట్ మాడ్యూళ్లు వేడెక్కి పోవచ్చు, టచ్ కూడా తిక్కగా పనిచేయొచ్చు, సైన్ వేవ్ ఇన్వర్టరే వాడాలి. జిగ్బీ (వైఫైలాంటి మరో వైర్‌లెస్ పద్ధతి) పరికరాలుంటే వైఫైని 1 లేదా 6వ ఛానల్‌లో, జిగ్బీని 25వ ఛానల్‌లో పెట్టుకోవాలి.

ప్రతి స్విచ్ బాక్సుకీ న్యూట్రల్, తక్కువ వోల్టేజ్ వైర్లకి వేరే పైపు: గోడలు పూయకముందు బిల్డర్‌కి ఈ ఖర్చు చాలా స్వల్పం, పూశాక కొన్నవాడికి తలకు మించిన భారం. ఫ్లాట్ తాళాలు తీసుకునే రోజున ఏదో ఒక స్విచ్ బాక్సు విప్పించి, న్యూట్రల్ వైరు చూశాకే సంతకం పెట్టండి.

– ఒక ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్, విజయవాడ