మా పిల్లల మీద చేసిన పరిశోధన మాకే చెప్పరా? మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను ఒక పల్లెటూరి అంగన్‌వాడీ టీచర్‌ని. పద్దెనిమిదేళ్ల సర్వీసు. ఇదే విషయం మీద ఇది నా నాలుగో అర్జీ. మొదటిది సెక్టార్ మీటింగ్‌లో, అంటే చుట్టుపక్కల సెంటర్ల టీచర్లమంతా కలిసే మీటింగ్‌లో, సూపర్‌వైజర్ మేడమ్ చేతికిచ్చాను. రెండోది ప్రాజెక్ట్ ఆఫీసులో ఇన్‌వర్డ్ నంబర్ వేయించి మరీ ఇచ్చాను. మూడోది ఒక సోమవారం సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, ప్రజావాణిలో ఇచ్చాను. అక్కడ రసీదు చేతిలో పెట్టారు. దాన్ని లామినేషన్ చేయించి దాచుకున్నాను. ఇంతవరకు నాకు వచ్చిన జవాబు అదొక్కటే మరి. ఇప్పుడిలా నలుగురూ చదివేలా రాస్తున్నందుకు మన్నించండి.

ముందే చెప్తున్నాను, ఇది జీతం గురించి కాదు. సెంటర్ అద్దె గురించి కాదు, గుడ్ల సైజు గురించీ కాదు. అవి రాయడానికి ఈ కాగితం చాలదు. నేను అడిగేది తెలుగులో అచ్చేసిన నాలుగు కాగితాలు. నవ్వకండి మేడమ్, దీనికి మూడు అర్జీలా అని. నేనూ మొదట అలాగే అనుకున్నాను, ఒక్క ఫోన్‌తో అయ్యే పనేనని.

పోయిన ఏడాది మా సెంటర్‌కి ఒక తల్లి వచ్చింది. ఆమె చిన్న కూతురికి అప్పటికి మూడున్నరేళ్లు. ఎత్తు కొలిచాను, 86 సెంటీమీటర్లు. పిల్లల కొలతలు ఎక్కించే ఫోన్ యాప్ ట్రాకర్‌లో ఎర్ర రంగు వచ్చింది, అంటే వయసుకు తగ్గ ఎత్తు లేదని. ఎందుకు ఎరుపు అని అడిగింది. మాకు నేర్పిన మాటలే చెప్పాను: మొదటి వెయ్యి రోజులు ముఖ్యం, కడుపులో పడ్డప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా తిండి సరిగా లేకపోతే ఎదుగుదల దెబ్బతింటుంది, మెదడు 85 శాతం ఆరేళ్లలోపే ఎదుగుతుంది. గోడ మీదున్న పోస్టర్ కూడా చూపించాను. ఆమె వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. తర్వాత అడిగింది, "వెయ్యి రోజులు దాటిపోయినయ్ గద టీచరమ్మా. ఇగ నా బిడ్డ అంతేనా?"

నా దగ్గర జవాబు లేదు. "గుడ్డు రోజూ పెట్టు" అన్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. కొంగుతో కళ్లు తుడుచుకుని పాపను ఎత్తుకుని పోయింది. వారం రోజులు సెంటర్ వైపు రాలేదు. ఊళ్లో తల్లులకు భయం పుట్టించే వాక్యాలు మాకు బాగానే నేర్పారు. ఆ భయం తర్వాత ఏం చెప్పాలో ఎవరూ నేర్పలేదు.

శిక్షణ ఇవ్వలేదా అంటారేమో. ఇచ్చారు. 'పోషణ్ భీ పఢాయీ భీ' (పోషణా, చదువూ రెండూ) పేరుతో మూడు రోజులు కూర్చోబెట్టారు. అన్యాయంగా మాట్లాడను, ఆ మూడు రోజులూ బాగున్నాయి. పుట్టిన బిడ్డ నుంచి మూడేళ్ల వరకు 'నవచేతన' అని, మూడు నుంచి ఆరేళ్లకు 'ఆధారశిల' అని కొత్త పుస్తకాలు వచ్చాయన్నారు. నవచేతనలో 36 నెలలకు 140 ఆటలున్నాయట, ఏ నెల బిడ్డతో ఏం ఆడాలి, ఎలా మాట్లాడాలి అని. గిలకతో ఆడించడం, గిన్నె కింద బంతి దాచడం మాతో చేయించారు కూడా. నలభై దాటిన ఆడవాళ్లం చప్పట్లు కొట్టి నవ్వుకున్నాం. చివరి రోజు వేదిక మీద ఒక పెద్ద మేడమ్ మైకు పట్టుకుని, "తెలుగు పుస్తకం, తల్లులకు చూపించే ఫ్లిప్ చార్ట్, బొమ్మల కిట్, అన్నీ నెలలోపు మీ సెంటర్లకు వచ్చేస్తాయి" అన్నారు. మేము చప్పట్లు కొట్టాం.

నెల అయింది. ఏ నెల అని మాత్రం ఆ మేడమ్ చెప్పలేదు, అది మా పొరపాటు, అడగాల్సింది. మూడో నెలలో వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ వచ్చింది, ఇంగ్లిష్‌లో. వారం తర్వాత అదే హిందీలో వచ్చింది. మా సెక్టార్ టీచర్లమంతా కింద దండం బొమ్మలు పెట్టాం, "ఓకే మేడమ్" అన్నాం. బహుశా ఆ దండాలు లెక్కేసి అందరికీ సామగ్రి అందినట్టు పైకి రిపోర్ట్ పోయి ఉంటుంది. తెలుగుది ఎప్పుడు మేడమ్ అని నేనొక్కదాన్నే గ్రూపులో అడిగాను. "ప్రింట్ తీయించుకుని వాడుకోండి" అని జవాబొచ్చింది. మండలంలో జిరాక్స్ షాపతను రంగుల్లో అయితే పేజీకి పది రూపాయలన్నాడు. నలుపు తెలుపులో నాలుగు పేజీలు తీయించుకుని వచ్చాను. బొమ్మలన్నీ మసి పూసినట్టున్నాయి. ఒక బొమ్మలో తల్లి బిడ్డను ఎత్తుకుందో, బియ్యం బస్తా ఎత్తుకుందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాం. మా ఆయాకు, నాకు దాని మీద పందెం కూడా ఉంది.

ఇంతలో ఎండాకాలం సెలవులకు మా అమ్మాయి వచ్చింది. హైదరాబాద్‌లో డిగ్రీ చదువుతోంది. ఆ 'ఇగ అంతేనా' అన్న మాట నన్ను నిద్రపోనివ్వడం లేదని చెప్తే, ఫోన్‌లో వెతికి రాత్రిళ్లు ఇంగ్లిష్ చదివి తెలుగులో చెప్పింది. అప్పుడు తెలిసింది మేడమ్ నాకు, జవాబు ఉంది. అమెరికాలోనో జపాన్‌లోనో కాదు, మన పిల్లల్ని కొలిచి, మన తల్లుల్ని అడిగి రాసిన జవాబే ఉంది.

'యంగ్ లైవ్స్' అని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు నడిపిన అధ్యయనం మీకు తెలిసే ఉంటుంది. 2002లో మొదలుపెట్టి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో శ్రీకాకుళం నుంచి మహబూబ్‌నగర్ దాకా మూడు వేల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంటాడి కొలిచారు. ఇథియోపియా, పెరూ, వియత్నాం పిల్లల్ని కూడా. వాళ్లకు తేలింది ఏమిటంటే, ఏడాది వయసులో ఎత్తు తక్కువగా ఉన్న పిల్లలందరూ అలాగే ఉండిపోలేదు. కొందరు తర్వాతి ఏళ్లలో పుంజుకున్నారు. అలా పుంజుకున్నవాళ్లు, పుంజుకోనివాళ్ల కంటే చదువు పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారు. వెయ్యి రోజులు ముఖ్యమే, కాదనడం లేదు. కానీ ఆ తర్వాత తలుపులు మూసుకుపోవు. ఈ ఒక్క మాట నా నోట్లో ఉంటే ఆ తల్లి ఆ రోజు ఏడుస్తూ పోయేది కాదు.

ఇంకొకటి వినండి. మాకు పక్క జిల్లానే నల్గొండ. అక్కడ 60 ఊళ్లలో, 600 మంది తల్లీబిడ్డలతో మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఒక అధ్యయనం చేశారు. 2013లో అచ్చయింది. ఊళ్లను మూడు భాగాలు చేశారు. ఒక భాగంలో మామూలు అంగన్‌వాడీ సేవలే. రెండో భాగంలో ఏం తినిపించాలో కూడా తల్లులకు నేర్పారు. మూడో భాగంలో ఏం తినిపించాలన్నదే కాదు, ఎలా తినిపించాలో, ఎలా ఆడించాలో కూడా: బిడ్డ ఆకలి సైగ గమనించడం, కళ్లలోకి చూసి మాట్లాడుతూ ముద్ద పెట్టడం, బలవంతంగా కుక్కకపోవడం. ఆ మూడో భాగం ఊళ్ల పిల్లలకే మామూలు ఊళ్ల పిల్లల కంటే మానసిక ఎదుగుదల స్కోరు మెరుగ్గా వచ్చింది. రెండు వారాలకోసారి ఇంటింటికీ పోయి ఇవన్నీ నేర్పింది ఎవరో తెలుసా మేడమ్? డాక్టర్లు కాదు. శిక్షణ ఇచ్చిన ఊరి ఆడవాళ్లు. అంటే మా లాంటివాళ్లు.

ఇది విని మా అమ్మ నవ్వింది. చందమామను చూపించి గోరుముద్దలు పెట్టడమే కదే, దానికింత పరీక్షా అని. నిజమే. కానీ ఆ గోరుముద్దల చోట ఇప్పుడు ఫోన్ వచ్చి కూర్చుంది కాబట్టి, అదెంత విలువైందో మళ్లీ ఎవరో ఒకరు రుజువులతో చెప్పాలి.

మా అమ్మది రంగారెడ్డి వైపు ఊరు. ఆ వైపునే, హైదరాబాద్ దగ్గర 29 ఊళ్లలో 1987 నుంచి 1990 దాకా గర్భిణులకు, చిన్న పిల్లలకు ఉప్మా పెట్టి ఒక అధ్యయనం చేశారు. కొన్ని ఊళ్లలో పెట్టారు, కొన్నింట్లో ఇంకా పథకం రాలేదు. ఆ పిల్లలు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లయ్యాక మళ్లీ వెతికి కొలిస్తే, ఉప్మా ఊళ్ల పిల్లలు సుమారు 14 మిల్లీమీటర్లు పొడవున్నారు, వాళ్ల రక్తనాళాలు కూడా మెరుగ్గా ఉన్నాయి. 2008లో ఇంగ్లండ్ వైద్య పత్రికలో వేశారు. నేను అంగన్‌వాడీలో ఉప్మా తిన్న పిల్లనే. అమ్మను అడిగాను, మన ఊళ్లో ఎవరైనా వచ్చి కొలిచారా అని. "వచ్చిన్రు బిడ్డా, బండి మీద వచ్చి ఎత్తు, బరువు చూసి పోయేటోళ్లు. ఎందుకో ఎవ్వలు చెప్పలె" అంది. ఆ కొలిచినవాళ్లు వీళ్లో, వేరేవాళ్లో. చెప్పకపోవడం మాత్రం పాతదే అన్నమాట.

పరిశోధన చేసినవాళ్లను నేను తప్పు పట్టను. వాళ్ల పని కొలవడం, రాయడం. అది ఢిల్లీకి పోయింది, విదేశాలకు పోయింది, మీ టేబుల్ మీదికీ వచ్చే ఉంటుంది. అక్కడి నుంచి మా సెంటర్ గోడ దాకా మోసుకొచ్చే పని మీ శాఖది కాదా? బాలామృతం ప్యాకెట్లు వస్తున్నాయి, గుడ్లు వస్తున్నాయి. అవి వచ్చే బండిలోనే ఒక కట్ట కాగితాలు పెడితే బండి ఆగిపోతుందా?

ఫోన్ చూపిస్తూ తినిపించొద్దని ఒకావిడకు చెప్పబోయాను. "పొద్దుగాల్నుంచి మీరే ఫోన్ల ఉంటిరి గద టీచరమ్మా, మా పోరనికి పది నిమిషాలు ఇస్తే తప్పైతదా?" అంది. ఏం చెప్పను? యాప్‌లో ముఖం ఫొటో తీయాలి, ఆధార్ కలవాలి, ఓటీపీ రావాలి, నెట్ ఉండాలి. పదకొండింటి దాకా పిల్లలు నా చుట్టూ కూర్చుని నా ఫోన్ వెనకవైపు చూస్తుంటారు. తినిపిస్తూ మాట్లాడండి అని చెప్పాల్సిన మనిషిని నేను. పాట పాడించే టైమ్‌లో సర్వర్ కోసం చూస్తున్నాను. మా ప్రతి నిమిషం లెక్క మీకు అందుతోంది. మీకు తెలిసినదాంట్లో ఒక్క వాక్యం మాకు అందడం లేదు.

ఇక మూడేళ్లకే ఎల్‌కేజీ బస్సెక్కించే తల్లిదండ్రుల సంగతి. ఏబీసీడీలు రాయిస్తావా, లేదా, లేకపోతే మాన్పిస్తాం అంటారు. ఆ వయసులో వేళ్లకు మట్టి పిసకడం, పూసలు గుచ్చడం కావాలి అంటే, నీకేం తెలుసు అన్నట్టు చూస్తారు. నా మాట చెల్లదు. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం చెల్లుతుంది.

అందుకే కాగితం అంటున్నాను. ఆ చిన్నపాప తల్లికి, పుంజుకోవచ్చట అని మా అమ్మాయి చెప్పింది చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. వెంటనే, "కాయితమున్నదా టీచరమ్మా? మా అత్తకు, మా ఆయనకు చూపిస్త" అంది. వాళ్ల అత్త "మా వంశమే పొట్టి" అంటుంది, ఆయనేమో గుడ్డు తెల్లారి తనే తింటాడు. వంశం కాదమ్మా అని చెప్పడానికీ ఆధారం ఉంది. 2006లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎత్తు, బరువు ప్రమాణాలు పెట్టింది ఆరు దేశాల పిల్లల్ని చూసి. అందులో మన దక్షిణ ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. తిండి, ఆరోగ్యం సరిగా ఉంటే ఐదేళ్లలోపు అన్ని దేశాల పిల్లలూ దాదాపు ఒకే తీరుగా పెరిగారు. ఇది అత్తకు ఎవరు చెప్పాలి? నేనే. దేంతో చెప్పాలి? పందెం వేసుకున్న ఆ మసి బొమ్మతోనా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. ఆ ముందు సర్వే కంటే పెరిగింది. ఈ అంకె మీకు నాకంటే బాగా తెలుసు. ఆ 33లో ఒక్కో బిడ్డ తల్లీ నన్ను అడుగుతుంది, ఇగ అంతేనా అని.

కాబట్టి దయచేసి పంపండి. తెలుగులో, మా యాసలో చదవగలిగేలా, పెద్ద అక్షరాల్లో, బొమ్మలు కనబడేలా. మన ఊళ్లలో చేసిన అధ్యయనాలు ఏం చెప్పాయో తల్లికొక పేజీ, మాకొక పుస్తకం. పరిశోధన చేసిన పెద్దలు ఎవరైనా ఏడాదికోసారి సెక్టార్ మీటింగ్‌కి వచ్చి మాతో మాట్లాడినా సంతోషమే. టీ మేమే పోస్తాం. లేదంటే కనీసం ఆ ఫ్లిప్ చార్ట్ పంపండి, వేదిక మీద మాట ఇచ్చిందే కదా. అది కూడా కుదరకపోతే కుదరదని ఒక్క ముక్క రాయండి, ఆ ఉత్తరాన్నీ లామినేషన్ చేయించుకుంటాను.

ఇట్లు,
ఒక అంగన్‌వాడీ టీచర్

తా.క.: ఆ పాపను మొన్న మళ్లీ కొలిచాను. మూడు నెలల్లో రెండు సెంటీమీటర్లు పెరిగింది. ట్రాకర్‌లో మాత్రం ఇంకా ఎరుపే. "పుంజుకున్నట్టేనా టీచరమ్మా?" అని వాళ్లమ్మ అడిగింది. ఎంత పెరిగితే పుంజుకున్నట్టో నా దగ్గర తెలుగులో లేదు. పంపగలరు.