మన రైఫిల్ క్లబ్బు వార్షిక నివేదిక, 2024–25 (కడప)

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, ఈ సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం కాబట్టి ఏటా ఈ నివేదిక సభ ముందు పెట్టాలి. మన క్లబ్బు ఎందుకు పుట్టిందో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మేలో వేసవి శిబిరం నడిపాం. రేకుల షెడ్డులో ఎండ తట్టుకోలేక ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ముగించాం. రోజూ మజ్జిగ పంపిన తల్లిదండ్రులకు కృతజ్ఞతలు. ఆగస్టు 15న జెండా ఎగరేశాం. దసరాకు రైఫిళ్లన్నీ తుడిచి, నూనె పెట్టి, ఆయుధ పూజ చేశాం. గోడకు గగన్ నారంగ్ ఫోటో కట్టించి ఇచ్చిన సభ్యుడికి ప్రత్యేక ధన్యవాదాలు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం తెచ్చినవాడు హైదరాబాదులో పెరిగినవాడేనని తెలిశాక పిల్లలు ఆ గోడ వైపే నిలబడుతున్నారు.

ఇక ఈ ఏడాది అసలు పని పెల్లెట్ల (ఎయిర్ రైఫిల్‌లో పెట్టే చిన్న సీసపు గుండ్ల) కొలత. దీని గురించి కాస్త వివరంగా చెప్తాను.

వర్షాకాలంలో మన తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరికి ఉన్నట్టుండి స్కోరు పడిపోయింది. అంతకుముందు వరకు పది వలయంలోనే కొట్టే పిల్ల, తొమ్మిదిలోకి జారుతోంది. ట్రిగ్గర్ లాగుతోందని మేం అన్నాం, చదువు టెన్షన్ అని వాళ్ల నాన్న అన్నారు. ఆ పిల్ల రెండు ఆదివారాలు ఏడ్చుకుంటూ ఇంటికి వెళ్లింది. మూడో ఆదివారం తన సంచి అడుగున పాత డబ్బాలో మిగిలిన గుప్పెడు పెల్లెట్లు దొరికాయి. వాటితో కొడితే మళ్లీ పాత స్కోరే వచ్చింది. రైఫిల్ అదే, చెయ్యి అదే. మారింది డబ్బా ఒక్కటే. ఆ రెండు వారాలు ఆ పిల్లను అన్న మాటలకు క్లబ్బు తరఫున ఈ సభలో క్షమాపణ చెబుతున్నాను.

పది మీటర్ల దూరంలో పెట్టే లక్ష్యం నడిమధ్య ఉండే పది వలయం అడ్డకొలత అర మిల్లీమీటరు. స్కోరులో 0.1 తగ్గిందంటే గుండు పావు మిల్లీమీటరు పక్కకు జరిగినట్టు. 60 గుండ్లలో ఒక్కోదానికి 0.1 పోతే మొత్తం మీద ఆరు పాయింట్లు పోయినట్టే. అందుకే కొత్త డబ్బా కదా అని నమ్మి ఊరుకోకూడదని కార్యవర్గం నిర్ణయించింది.

ప్రొద్దుటూరులో బంగారు పని చేసే మన సభ్యుడొకరు మిల్లీగ్రాము వరకు చూపే త్రాసు రెండు ఆదివారాలు తెచ్చి పెట్టారు. మన పెల్లెట్టు బరువు సుమారు 0.53 గ్రాము, అంటే నాలుగు గురివింద గింజలకు కాస్త ఎక్కువ. ఒకే డబ్బాలోవి ఒక్కొక్కటీ తూస్తుంటే చివరి అంకెలు కదులుతూనే ఉన్నాయి. మేం ఆశ్చర్యపోతే ఆయన, "ఇదేం కొత్త సార్, అచ్చులో పోసినవే అయినా దేని తూకం దానిదే" అన్నారు. లేత్ వర్క్‌షాపు నడిపే పెద్దాయన తన మైక్రోమీటరుతో తలలు కొలిచారు. డబ్బా మీద 4.50 మిల్లీమీటర్లు అని ఉన్నా లోపల అంతకంటే సన్నవీ లావువీ దొరికాయి. సీసం మెత్తన, గట్టిగా బిగిస్తే నొక్కుకుపోయి కొలతే తప్పవుతుందని చెప్పి, మైక్రోమీటరు చివర తిప్పే ర్యాచెట్ టిక్కుమన్న చోటే ఆపడం పిల్లలకు నేర్పించారు. ఢమరుకంలా ఉండే ఈ పెల్లెట్టుకు వెనక అంచు పల్చన. ప్రయాణంలో డబ్బా కుదుపులకు ఆ అంచు సొట్టపోయినవి చాలా ఏరి పక్కన పెట్టాం.

తర్వాత రైఫిల్‌ను గుడ్డ చుట్టి బెంచి వైసులో బిగించి, ఒక్కో బ్యాచ్ నుంచి ఐదేసి కొట్టాం. నా అభిప్రాయంలో ఆ రోజు నేర్చుకున్నదే అన్నిటికంటే ముఖ్యం. తూకంలో తేడా కంటే అంచు సొట్టలు, బ్యాచ్ మార్పు ఎక్కువ దెబ్బ తీస్తున్నాయి. ఒకే కంపెనీ, ఒకే పేరు, బ్యాచ్ నంబరు వేరైతే రంధ్రాల గుంపు వేరుగా పడుతోంది. ఇక నుంచి ముందు నమూనా డబ్బా తెప్పించి పరీక్షిస్తాం. బాగున్న బ్యాచ్ నుంచే ఏడాదికి సరిపడా ఒకేసారి కొంటాం.

టెక్సాస్‌లో ఉన్న మన సభ్యుడి కుమారుడు ఒక సాయంత్రం వీడియో కాల్‌లో మాట్లాడారు. అక్కడ తూటాలు సొంతంగా నింపుకునే వాళ్లకూ ఇదే బాధట. కొత్తగా కొన్న ఇత్తడి గుల్లలు (మందు నింపి, మూతిలో గుండు బిగించే తూటా గొట్టాలు) ఒకే సంచిలోవి కూడా పొడవులో తేడాగా ఉంటాయని క్యాలిపర్ పెట్టి చూపించారు. .308 అనే రకం రైఫిల్ తూటా గుల్లకు గరిష్ఠ పొడవు 2.015 అంగుళాలు, కోసి తెచ్చుకోవాల్సిన పొడవు 2.005. పొట్టిగా ఉంటే కంగారు పడనక్కర్లేదు, ఆ గుల్ల ఛాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే గదిలో) ఆనుకునేది భుజం మీద, అంటే మూతి వైపు సన్నబడే వాలు మీద, మూతి మీద కాదు. కానీ గుండు కదలకుండా మూతి నొక్కి బిగించేవాళ్లకు పొడవులు సమంగా లేకపోతే బిగింపు ఒక్కోదానికి ఒక్కోలా పడుతుంది. గరిష్ఠం దాటితే మూతి ముందుకు తగిలి గుండును గట్టిగా పట్టేస్తుంది, పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఇంకో మాట కూడా చెప్పారు. కొత్త గుల్లల మూతులు రవాణాలో సొట్టపోయి ఉంటాయి కాబట్టి, ముందు సైజింగ్ అచ్చులో పెట్టి గుండ్రంగా చేశాకే కొలవాలి, లేకపోతే సొట్టను కొలిచి పొడవు అనుకుంటాం. మన పెల్లెట్ల అంచులకూ ఈ మాట అచ్చంగా సరిపోయింది.

ఆ మరునాడే ఇద్దరు కుర్రాళ్లు గుల్లలు తెప్పించుకోవచ్చా అని అడిగారు. వద్దు. 1959 ఆయుధ చట్టంలో తూటా భాగాలు కూడా తూటాల లెక్కే, లైసెన్సు లేకుండా తయారీ నేరం. సరదాకు కూడా ఎవరూ క్లబ్బుకు తేవద్దని గట్టిగా చెబుతున్నాను.

లెక్కల వివరాలు కోశాధికారి చదువుతారు. ఆడిట్ అయింది, పత్రాలు బల్ల మీద ఉన్నాయి. సభ్యత్వ రుసుం బాకీ ఉన్నవారు ఈ రోజే కట్టగలరు.

ఒక బాధ చెప్పకుండా ఉండలేను. కొలత ఆదివారాలకు వస్తామని పేరు రాయించుకున్న వారిలో ఎక్కువమంది రాలేదు. కనీసం ఫోన్ అయినా చేయలేదు. ఆ బంగారు పనివాడు దుకాణం మూసుకుని ప్రొద్దుటూరు నుంచి బస్సులో వచ్చారు, లేత్ పెద్దాయన మోకాళ్ల నొప్పితో మధ్యాహ్నం దాకా కూర్చున్నారు, కడపలోనే ఉన్న మనం రాలేకపోయాం. చివరికి పిల్లలే పెల్లెట్లు ఏరారు. ఇండోర్ హాలు కోసం పెట్టుకున్న అర్జీ సంగతి కూడా అంతే. ఏడాదిలో ఎన్నిసార్లు తిరిగినా ఫైలు కదులుతోందన్న మాటే వినిపించింది. సంబంధిత అధికారి ఒక్కసారి వచ్చి మే నెలలో మన రేకుల షెడ్డు కింద నిలబడితే చాలు, ఇంకేమీ అడగను.

త్రాసు, మైక్రోమీటరు ఇచ్చిన ఇద్దరు పెద్దలకు, వీడియో కాల్‌కు తెల్లవారుజామున లేచిన ఆ అబ్బాయికి, తూకాలన్నీ నోటుబుక్కులో ఎక్కించిన తొమ్మిదో తరగతి అమ్మాయికి సంఘం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆ నోటుబుక్కు బల్ల మీద ఉంది, చూడండి.

వచ్చే కొలత ఆదివారం ఉదయం ఏడు గంటలకు. సీసం ముట్టుకుంటాం కాబట్టి సబ్బు, తువ్వాలు తెచ్చుకోండి, చేతులు కడగనిదే టిఫిన్ ముట్టొద్దు. పేర్లు రాసే కాగితం తలుపు దగ్గర పెట్టాను.

ఇట్లు,
కార్యదర్శి