ఎండుగడ్డి మేసే పశువుకు చెక్క ఎంత, యూరియా ఎంత?

సంపాదకులకు నమస్కారం.

మాంసం కోసం బీళ్లలో మేపే పశువులు ఎండాకాలంలో చిక్కిపోతుంటే ‘కాస్త దాణా పెంచండి’ అని చెప్పడం పశుపోషణ శీర్షికల్లో మామూలైపోయింది. ఏ దాణా, ఎంత, వారానికి ఎన్నిసార్లు అన్నది చెప్పకపోతే ఆ సలహాతో డబ్బు పోతుంది, ఒక్కోసారి పశువూ పోతుంది.

ముదిరి ఎండిన గడ్డిలో మాంసకృత్తులు సాధారణంగా 3 నుంచి 6 శాతమే ఉంటాయి. గడ్డిలోని పీచును అరిగించేవి పెద్దపొట్టలోని (నెమరు వేసే పశువు కడుపులో మొదటి గది) సూక్ష్మజీవులు. వాటికి చాలినంత నత్రజని అందాలంటే మేతలో సుమారు 7 శాతం మాంసకృత్తులు ఉండాలి. అంతకు తగ్గితే అవి పెరగవు, పీచు అరగదు, పొట్ట త్వరగా ఖాళీ కాదు. దాంతో పశువు మేత తగ్గించేస్తుంది. బీటిలో మోకాలెత్తు గడ్డి ఉన్నా ఒళ్లు తగ్గేది ఇందుకే. కొద్దిగా చెక్క (గింజల నుంచి నూనె తీశాక మిగిలే పిప్పి) పడితే అదే గడ్డిని ఎక్కువ మేస్తుంది, బాగా అరిగించుకుంటుంది. అసలు గడ్డే లేని బీటిలో మాత్రం చెక్క ఎంత పెట్టినా ఈ లాభం రాదు.

450 కిలోల ఒట్టిపోయిన చూడి ఆవునే తీసుకోండి, ఈనడానికి ఇంకా నాలుగైదు నెలలుందనుకుందాం. 5 శాతం మాంసకృత్తులున్న ఎండుగడ్డి రోజుకు 8 కిలోలు తింటే 400 గ్రాములు అందుతాయి. కావలసింది సుమారు 600. తక్కువైన 200 గ్రాములు 40 శాతం మాంసకృత్తులున్న చెక్క అర కిలోతో వచ్చేస్తాయి. వాటినే 9 శాతమున్న మొక్కజొన్నతో ఇవ్వాలంటే 2 కిలోల పైమాటే. అంత పిండిపదార్థం పడేసరికి ఉన్న కాస్త నత్రజనినీ పిండిని తినే సూక్ష్మజీవులు లాక్కుంటాయి, పీచును అరిగించేవి వెనకబడతాయి, పశువు గడ్డి మానేసి తొట్టి దగ్గర కాచుకుని నిలబడుతుంది. ఈనే రోజులు దగ్గరపడేకొద్దీ అవసరం పెరుగుతూ, దూడ పాలు తాగే రోజుల్లో మాంసకృత్తులే కిలో దాకా కావలసి వస్తాయి. అప్పుడు అర కిలో చెక్క చాలదు.

ఎప్పుడు మొదలుపెట్టాలో పేడే చెబుతుంది. మేత బాగున్నప్పుడు పేడ పలచగా పరుచుకుని నడుమ చిన్న గుంట పడుతుంది. మాంసకృత్తులు తగ్గితే గట్టిపడి, పొర మీద పొరగా కుప్పలా నిలబడుతుంది. పక్కటెముకలు లెక్కకు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. కరిగిన ఒంటిని మళ్లీ పట్టించడం కంటే కరగకుండా కాపాడుకోవడం చవక.

చెక్కను రోజూ పెట్టనక్కర్లేదన్నది చాలామందికి నమ్మబుద్ధి కాదు. పశువు మిగులు నత్రజనిని రక్తంలోంచి లాలాజలం ద్వారా మళ్లీ పెద్దపొట్టకు పంపుకుంటుంది. కాబట్టి వారానికి కావలసిన మూడున్నర కిలోలను రెండు మూడు దఫాలుగా పెట్టినా ఫలితం దాదాపు అంతే. పైగా ఒకేసారి ఎక్కువ పడితే బలమైనవి మొత్తం ఊడ్చేయలేవు, బక్కవాటికీ వంతు దొరుకుతుంది. పెద్ద పశువుకు 60 నుంచి 75 సెంటీమీటర్ల తొట్టి జాగా ఉండి, అన్నీ ఒకేసారి తలపెట్టగలగాలి. ఇది చాలక, ‘దాణా పెట్టినా లాభం లేదు’ అని విసుక్కునే మందలు చాలా ఉన్నాయి.

కొన్ని దాణాల్లో నత్రజని కోసం చెక్కకు బదులు యూరియా కలుపుతారు. దఫాలుగా పెట్టే పద్ధతి అలాంటి దాణాకు పనికిరాదు, ప్రాణాల మీదికి వస్తుంది. అసలు చిక్కంతా బస్తా మీద వేసే ముడి మాంసకృత్తుల శాతంలోనే ఉంది. ముడి మాంసకృత్తులంటే నత్రజనిని 6.25తో గుణించిన లెక్క. 46 శాతం నత్రజని ఉన్న యూరియా ఈ లెక్కలో 287 శాతం మాంసకృత్తులైపోతుంది! బస్తా మీద 40 శాతం అని ఉండి, ఆ 40లో 30 వంతులు యూరియా లెక్కలోవే అయితే నిజమైన మాంసకృత్తులు 10 శాతమే. యూరియాను వాడుకోవడానికి సూక్ష్మజీవులకు వెంటనే అందే శక్తి, గంధకం కూడా కావాలి. వట్టి ఎండుగడ్డి మీద అందులో చాలా భాగం వృథా.

యూరియా మొత్తం మేతలో 1 శాతం, దాణాలో 3 శాతం దాటకూడదు. రెండు మూడు వారాలు కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. ఆకలి మీదున్న పశువుకు, చిన్న దూడలకు పెట్టనే కూడదు. పశువులు నాకడానికి పెట్టే యూరియా ఇటుక మీద వాన పడి తొట్టిలో నిలిచిన నీళ్లు తాగితే అరగంటలోనే చొంగ కారడం, ఒళ్లు వణకడం, పొట్ట ఉబ్బడం, తూలి పడిపోవడం మొదలవుతాయి. వెంటనే పశువైద్యుణ్ణి పిలిపించి నాలుగైదు లీటర్ల వెనిగర్, 20 లీటర్లకు తగ్గకుండా చన్నీళ్లు గొట్టంతో పొట్టలోకి పంపించాలి. కంగారులో నోట్లో గుమ్మరిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తొట్టికి అడుగున రంధ్రాలు, పైన కప్పు ఉంటే ఇంత దూరం రాదు.

చెక్కల్లోనూ తేడాలున్నాయి. పత్తిగింజల చెక్కలో గాసిపోల్ అనే విషపదార్థం ఉంటుంది కనుక చిన్న దూడలకు పెట్టొద్దు, ఆబోతులకు మితంగా పెట్టాలి. బూజు పట్టిన వేరుశనగ చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండవచ్చు, పారబోయడమే మంచిది. చవకగా వస్తుందని మాంసం, ఎముకల పొడి వైపు చూడకండి. పిచ్చి ఆవు వ్యాధి వ్యాపించింది దాని ద్వారానే. బ్రిటన్ 1988లోనూ, అమెరికా 1997లోనూ నెమరు వేసే పశువులకు అలాంటి పొడులు పెట్టడాన్ని నిషేధించాయి.

ఇక బేరం చేసేటప్పుడు బస్తా ధరను బస్తాతో పోల్చి లాభం లేదు. యూరియా వంతు తీసేసి, మిగిలిన మాంసకృత్తులు కిలో ఎంత పడుతుందో చూడాలి. మీ పత్రికలో దాణాల గురించి రాసేటప్పుడు మాంసకృత్తుల శాతం పక్కనే యూరియా శాతాన్నీ తప్పక అచ్చువేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పశుపోషకుడు